అల్లుడి చేతికి లక్ష రూపాయల వాచీ



గత ఫిబ్రవరి మాసములో ఒక బుధవారము రాత్రి ప్రార్థనకూటము ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళిపోయారు. మా సంఘములోని ఒక రైతు సహోదరుడు మాత్రము అరుగు మీదనే కూర్చుండిపోయాడు. ఆయన మాకంటె పది సంవత్సరములు పెద్దవాడు గనుక మేము అన్నా అని పిలుస్తాము. ఆయన పెద్ద కుమార్తెకు సంబంధము కుదిరి, మాట ఖాయము చేసుకొని అప్పటికి పది దినములైనది. పిల్లవాడు హైదరాబాదులో మంచి ఉద్యోగములో ఉన్నాడు, బుద్ధిమంతుడని విన్నాము. అంతవరకు అందరికీ సంతోషమే. అన్న తన జేబులోనుండి మడతపెట్టిన కాగితము ఒకటి తీసి మా చేతికిచ్చి, "అయ్యగారూ, ఇది ఏమి వాచీయో కాస్త చూచి చెప్పండి" అన్నాడు.

కాగితము మీద ఎవరో పిల్లలు వ్రాసిన అక్షరములు ఉన్నవి. ఆపిల్ వాచ్, హెర్మీస్. దాని క్రింద ఒక అంకె, 1,15,000.

పెండ్లికుమారునికి మామగారు వాచీ పెట్టడము మన పల్లెలలో ఈనాటి మాట కాదు. ఉంగరము, వాచీ, సూటు గుడ్డ అని మన తండ్రుల కాలమునుండి వస్తున్నదే. వియ్యాలవారు దీనిని గట్టిగా అడగలేదట. "అబ్బాయికి ఇష్టము, మా మేనల్లుడు అమెరికానుండి వస్తున్నాడు, మీరు డబ్బిస్తే అతనే తెస్తాడు" అని మాత్రము అన్నారట. ఆడపిల్లను కన్నవారికి ఇటువంటి మాటకు అర్థము వేరే చెప్పనక్కరలేదు. వరకట్నము అడగడము నేరమని 1961లోనే చట్టము వచ్చినది. వచ్చినప్పటినుండి అడిగే తీరు మారినది.

అన్న మమ్మును అడిగినది చట్టము సంగతి కాదు. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "రెండు రూపాయల వడ్డీకి తెస్తాను అయ్యగారూ. అంత ఖరీదు పెట్టిన వస్తువు బంగారములాగా నిలుస్తుంది గదా? రేపు పిల్లకు ఏదైనా కష్టము వస్తే అమ్ముకోవచ్చు గదా?"

మేము ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాము. ఆ వాచీని గూర్చి మాకు తెలిసినది సున్న. తెలియకుండ సలహా చెప్పడము కంటె తెలిసికొని చెప్పడము మేలని, రెండు వారములు అడిగి, చదివి, లెక్క వేసి చూచాము. ఒకప్పుడు మా ఆదివారపు బడిలో చదివిన పిల్లవాడు ఇప్పుడు పట్టణములో ఫోనులు, వాచీలు బాగుచేసే దుకాణము నడుపుకొంటున్నాడు. అతడు చాలా సంగతులు చెప్పాడు. ఆ తరువాత మరి రెండు కుటుంబములవారు ఇదే ప్రశ్నతో రావడమువలన ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఆ పేరు. హెర్మే అనే పేరు మనకు అపొస్తలుల కార్యములలో కనబడుతుంది. లుస్త్రలో జనులు పౌలును చూచి పెట్టిన పేరు అది. కాగితము చూడగానే మాకు అదే జ్ఞాపకము వచ్చినది గాని, దీనికి ఆ గ్రీకు దేవతతో సంబంధము లేదు. ఇది ఒక ఇంటిపేరు, ఫ్రెంచివారు ఎర్మెస్ అని పలుకుతారు. 1837లో థియెరీ ఎర్మెస్ అనే ఆయన ప్యారిస్‌లో గుర్రములకు, బండ్లకు కావలసిన తోలు పట్టీలు కుట్టే పనిశాల పెట్టాడు. ఆ కుట్టు పనికి పేరు వచ్చి, రానురాను అది ధనికులు వాడే తోలు సంచులకు, పట్టు రుమాళ్ళకు పెట్టినపేరు అయినది. 2015లో ఈ సంస్థ, అమెరికాలోని ఆపిల్ సంస్థ కలిసి ఒక వాచీ తెచ్చినవి. అప్పుడు దాని వెల 1,100 డాలర్లనుండి మొదలు. ఇప్పుడు పన్నెండు వందల డాలర్లు దాటినది. (2023లో ఆపిల్ తన వస్తువులలో తోలు వాడడము మానివేసినది. గుర్రపు పట్టీల ఇంటివారి పేరు పెట్టుకొని తోలు మానడము ఏమిటో మాకు బోధపడలేదు.)

ఇక అసలు సంగతి. ఈ వాచీ విప్పితే లోపల ఏమి ఉంటుంది? మా దుకాణము పిల్లవానిని ఇదే అడిగాము. ఆపిల్ వారి మామూలు వాచీలో ఉండే పరికరములే ఇందులోను ఉంటవి అన్నాడు. అదే చిప్పు, అదే బ్యాటరీ, గుండె చప్పుడు కొలిచే అదే దీపము. తేడా అంతా పైన. పైడొక్కు మేలైన లోహము, బెల్టు పేరున్న ఇంటిది, అద్దము మీద కనబడే అంకెలు ఎర్మెస్ వారి తీరువి. మామూలు వాచీ మన దేశములో నలభై అయిదు వేల ప్రాంతములో దొరుకుతుంది. అంటే ఆ కాగితము మీది లక్షా పదిహేను వేలలో సుమారు డెబ్బది వేలు బెల్టుకు, లోహమునకు, పేరుకు. ఆ డెబ్బది వేలు వాచీకి ఒక్క దినమైనా ఎక్కువ ఆయుష్షు ఇవ్వవు.

ఇది మా ఊహ అనుకోవద్దు. దీనికి సాక్ష్యము ఆపిల్ వారి సొంత చరిత్రలోనే ఉన్నది, అన్న అడిగిన బంగారము ప్రశ్నకు జవాబు కూడ అందులోనే ఉన్నది. 2015 ఏప్రిల్‌లో మొదటి ఆపిల్ వాచీలు అమ్మకమునకు వచ్చినప్పుడు వాటిలో ఒక రకము నిజమైన బంగారముతో చేసినది. 18 క్యారెట్ల బంగారము. మన ఆడవారు 22 క్యారెట్లకు తక్కువైతే పెదవి విరుస్తారు, అది వేరే మాట. దాని వెల 10,000 డాలర్లనుండి 17,000 డాలర్ల వరకు ఉండేది. ఆనాటి మారకములో తక్కువలో తక్కువ ఆరు లక్షల రూపాయలకు పైమాట. అదే సమయములో 349 డాలర్లకు అల్యూమినియము వాచీ కూడ అమ్మారు. ఈ రెండింటి లోపలి యంత్రము ఒక్కటే.

ఏమి జరిగినదో వినండి. 2016 సెప్టెంబరు నాటికి బంగారపు వాచీని అమ్మడము మానివేశారు. 2018లో వాచీలను నడిపించే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, మొదటి తరము వాచీలు దానికి పనికిరావని ప్రకటించారు. అల్యూమినియము వాచీతోపాటు బంగారు వాచీ కూడ అదే దినమున పాతబడినది. అమ్మకము ఆపి ఏడు సంవత్సరములు దాటిన వస్తువుకు విడిభాగములు గాని మరమ్మతు గాని ఇవ్వకపోవడము ఆపిల్ వారి సాధారణ నియమము. ఆ ప్రకారము 2023లో బంగారు వాచీ కాలము చెల్లిన వస్తువుల పట్టికలో చేరినది. పదివేల డాలర్లు పెట్టినవాని చేతిలో ఇప్పుడు మిగిలినది బంగారపు డొక్కు. బంగారము ధర ఈ పదేండ్లలో ఎంత పెరిగినదో మీకు తెలుసు. డొక్కులోని బంగారము విలువ పెరుగుతూ ఉండగానే లోపలి వాచీ చచ్చిపోయినది. బంగారము వాచీని కాపాడలేకపోయినప్పుడు బెల్టు ఏమి కాపాడుతుంది?

ఈ వాచీలు ఎందుకు ఇంత త్వరగా ముసలివి అవుతవి అని మా ఇంటివారు అడిగారు. రెండు కారణములు. మొదటిది బ్యాటరీ. ఇది ఫోనులోని బ్యాటరీ వంటిదే, ఛార్జి చేసిన ప్రతిసారి కొంచెము కొంచెముగా అరుగుతుంది. వెయ్యి పూర్తి ఛార్జీల తరువాత నూటికి ఎనుబది పాళ్ళ శక్తి మిగిలేటట్లు తయారుచేశామని ఆపిల్ వారే చెప్పుతారు. ఈ వాచీని ఇంచుమించు ప్రతిదినము ఛార్జి చేయాలి. వెయ్యి దినములంటే మూడేండ్లు నిండవు. అప్పటినుండి సాయంకాలము కాకముందే వాచీ నిద్రపోవడము మొదలవుతుంది. బ్యాటరీ మార్చవచ్చు గాని, అది లోపల అతికించి మూసినది, సంత దగ్గర పెట్టె పెట్టుకొని కూర్చుండే వాచీ రిపేరు తాతకు అది అందదు. రెండవది సాఫ్ట్‌వేర్. వాచీ ఫోనుతో మాట్లాడాలి, ఫోను ప్రతి ఏడు మారుతుంది, కొన్నేండ్లకు ఒకరి భాష మరొకరికి తెలియదు. వాచీ పగలదు, చెడదు, అయినా పనికిరాదు.

స్విట్జర్లాండు గడియారాలవారికి ఈ సంగతి ముందే తెలుసు. 1860నుండి ఉన్న ట్యాగ్ హోయర్ అనే సంస్థ 2015 నవంబరులో 1,500 డాలర్లకు ఒక స్మార్ట్‌వాచీ తెచ్చినది. దానితోపాటు ఒక మాట ఇచ్చినది. రెండేండ్ల గ్యారంటీ అయిపోయిన తరువాత మరి 1,500 డాలర్లు కట్టి, ఈ వాచీ తిరిగి ఇచ్చివేసి, మా పాతరకము యంత్రపు గడియారము తీసికొని వెళ్ళవచ్చు అని. ఇది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది. అమ్మినవాడే, దీని ఆయుష్షు తక్కువ, నీకు నిలిచేది కావాలంటే ఆ గడియారము తీసికో అని చెప్పినట్లున్నది గదా. అట్లా చెప్పడములో కొంత నిజాయితీ ఉన్నదనే మేము అంటాము.

అన్న ఎడమచేతికి ఎప్పుడూ ఒక కీ ఇచ్చే హెచ్.ఎం.టి. వాచీ ఉంటుంది. అది ఆయన పెండ్లిలో మామగారు పెట్టినది. హెచ్.ఎం.టి.వారు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహాయముతో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టారు. మన దేశములో రెండు తరముల పెండ్లికొడుకుల చేతులకు ఆ వాచీలే. 2016లో కేంద్ర ప్రభుత్వము ఆ వాచీల సంస్థను మూసివేయడానికి నిర్ణయము తీసికొన్నది. తయారుచేసిన కంపెనీ పోయినది, అన్న చేతి మీది వాచీ ఇంకా నడుస్తున్నది. రెండుసార్లు స్ప్రింగు, ఒకసారి అద్దము మార్చారట. ఆపిల్ కంపెనీ మాత్రము రోజురోజుకు వర్ధిల్లుతున్నది, దాని బంగారు వాచీ పెట్టెలో పడి ఉన్నది.

ఇప్పుడు లెక్క. మనము రైతులము, తరుగు అంటే మనకు తెలుసు. ధాన్యము ఆరితే తరుగు, పత్తి దూదయితే తరుగు. ఈ వాచీ అయిదేండ్లు బాగుగా పనిచేసినదనుకొందాము, తరువాత దాని విలువ ఏమీ లేదనుకొందాము. నిజానికి పాతదానికి ఎవరో కొంత ఇస్తారు, బెల్టుకు ఇంకొంత రావచ్చు, కాని దానిని నమ్ముకొని లెక్క వేయకూడదు. లక్షా పదిహేను వేలు అయిదేండ్లకు పంచితే ఏడాదికి 23,000, దినమునకు 63 రూపాయలు. మామూలు ఆపిల్ వాచీ అయితే ఏడాదికి 9,000, దినమునకు 25 రూపాయలు. నెలకు లక్షన్నర జీతము వచ్చేవానికి దినమునకు 63 రూపాయలు టీ, టిఫిన్ ఖర్చు. అతడు తన డబ్బుతో కొనుక్కొని ముచ్చట తీర్చుకొంటే తప్పు పట్టడానికి మేమెవరము?

కాని అన్న లెక్క అది కాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే, లక్షా పదిహేను వేలకు నెలకు 2,300. ఏడాదికి 27,600. అసలు తీర్చలేక అయిదేండ్లు వడ్డీ మాత్రమే కట్టుకొంటూ పోతే 1,38,000. అంటే వాచీ పనికిరాకుండ పోయే దినమునకు ఆయన వాచీ ఖరీదుకంటె ఎక్కువ వడ్డీ కట్టి ఉంటాడు, అసలు అప్పు అట్లాగే నిలిచి ఉంటుంది. అదే డబ్బుతో ఒక మంచి పాడి గేదె వస్తుంది. లేక బంగారము కొని పిల్ల మెడలో వేస్తే, కష్టకాలములో ఏ బ్యాంకైనా తాకట్టు పట్టుకొంటుంది. వాచీ పట్టుకొని బ్యాంకుకు వెళ్ళితే ఏమంటారో మీరే ఊహించుకోండి.

ఈ వాచీలో మేలు లేదని మేము చెప్పడము లేదు. 2018లో వచ్చిన వాచీలనుండి, పెట్టుకొన్న మనిషి గట్టిగా క్రింద పడితే కనిపెట్టి, ఆ మనిషి కదలకపోతే సహాయమునకు ఫోను చేసే ఏర్పాటు ఉన్నది. గుండె కొట్టుకోవడములో తేడా ఉంటే హెచ్చరిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవారికి ఇది చిన్న సంగతి కాదు. విదేశములలో ఉన్న బిడ్డలు ఇక్కడి తల్లిదండ్రులకు వీటిని కొని పంపడము మేము ఎరుగుదుము, అందులో ప్రేమ ఉన్నది, ఉపయోగమూ ఉన్నది. డాక్టరుకు బదులు మాత్రము కాదు. అయితే ఆ మేళ్ళన్నీ నలభై అయిదు వేల వాచీలోనే ఉన్నవి. పేరుకు పెట్టిన డెబ్బది వేలు గుండెను మరింత బాగుగా వినవు. పేరు మీద మనసు తీరకపోతే ఒక ఉపాయము దుకాణము పిల్లవాడు చెప్పాడు. మామూలు వాచీ కొని, ఆ బెల్టు ఒక్కటి తరువాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చునట. వాచీ పాతబడినా, సైజు సరిపోతే బెల్టు తరువాతి వాచీకి తగిలించుకోవచ్చు. ఆ మొత్తములో కాస్త నిలిచేది అదొక్కటే, అది కూడ మన ఎండకు, చెమటకు ఎంతకాలము నిలుస్తుందో చూడాలి.

ఇంకొక సంగతి అతడే చెప్పాడు, ఇది ముఖ్యము. ఆపిల్ వాచీ ఆపిల్ వారి ఐఫోను ఉన్నవారికే పనికివస్తుంది. "ముందు ఆ బావగారి చేతిలో ఏ ఫోను ఉన్నదో కనుక్కోండి అయ్యగారూ" అని నవ్వాడు.

మార్చి మొదటి ఆదివారము ఆరాధన తరువాత, అన్న అనుమతితో మేమే పిల్లవానికి ఫోను చేశాము. వందనములు చెప్పి మర్యాదగా మాటలాడాడు. మేము వాచీ మాట ఎత్తి, దాని తరుగు సంగతి చెప్పబోగా, అతడు మమ్మును ఆపాడు. "విలువ పడిపోతుందని నాకు తెలుసు అయ్యగారూ. మా అమ్మ పెండ్లి పట్టుచీర ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుంది? పెండ్లి పందిరికి పెట్టిన ఖర్చు ఎంత తిరిగివస్తుంది? కొన్ని వస్తువులు అమ్మడానికి కొనము గదా" అన్నాడు.

చదువుకొన్న పిల్లవాడు, మాట సరిగానే అన్నాడు. మేము కొంచెముసేపు జవాబు వెదుక్కోవలసి వచ్చినది. అమ్మితే ఎంత వస్తుందన్న ఒక్క కొలతతోనే వస్తువులను కొలవకూడదు, నిజమే. మా ఇంటిలోని హార్మోనియము అమ్మితే వెయ్యి రూపాయలు రావు, అయినా అది లేకుండ మేము ఉండలేము. అప్పుడు మేము అతనితో ఇంతమాత్రము అన్నాము: "బాబూ, వాచీ పెట్టుకొన్న సంతోషము నీది. దాని తరుగు, వడ్డీ మీ మామగారివి. ఆయన రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు."

ఫోనులో చాలాసేపు మాట లేదు. "అప్పు చేస్తున్నారని నాకు తెలియదండి" అన్నాడు చివరకు. తరువాత తగ్గు స్వరముతో, తన చేతిలో ఉన్నది ఐఫోను కాదని, పెండ్లి తరువాత ఫోను కూడ మార్చుకొందామనుకొన్నానని చెప్పాడు. సంక్రాంతి పండుగకు ఆ ఫోను ఎవరి లెక్కలో పడేదో మేము అడగలేదు.

రెండు దినముల తరువాత అతడే అన్నకు ఫోను చేసి వాచీ వద్దని చెప్పాడట. అన్న మాత్రము ఊరుకోలేదు, వాచీ లేని పెండ్లికొడుకు ఎట్లా అని పట్టణమునకు వెళ్ళి ఏడు వేలు పెట్టి, ముండ్లున్న మంచి వాచీ ఒకటి తెచ్చాడు. డబ్బు మొత్తము పత్తి అమ్మినదే. పిల్లవాడు తన జీతములో కూడబెట్టుకొని మామూలు స్మార్ట్‌వాచీ ఒకటి తరువాత కొనుక్కొన్నాడని పిల్ల చెప్పినది. కొన్నదానికి సంతోషముగానే ఉన్నాడట.

పెండ్లి మే మాసములో జరిగినది. భోజనముల దగ్గర పిల్లవాని తల్లి మాతో మాటలాడలేదు, ఆమె మనసు నొచ్చుకొన్నది అని మాకు తెలుసు. ఆయన తండ్రి మాత్రము విస్తరి తెచ్చుకొని మా ప్రక్కనే కూర్చున్నాడు. అన్న చేతి మీది కీ వాచీని చాలాసేపు చూచి, "బావగారూ, దీనిని మీరు ఎక్కడ బాగుచేయిస్తారు?" అని అడిగాడు. వాళ్ళ నాయనది ఇటువంటిదే ఒకటి, ఆగిపోయి పెట్టెలో పడి ఉన్నదట.